దగ్గు లేదు, జ్వరం లేదు

పెలికన్ కోర్ట్‌లో ఎవరికి ఓడెక్కాలని బుద్ధి పుట్టినా ముందు వెర్నా ట్రస్కాట్ తలుపు తట్టాల్సిందే. ఫ్లోరిడా పడమటి తీరాన ముసలివాళ్ళు మాత్రమే ఉండే మొబైల్ ఇళ్ళ కాలనీ అది. చలి రాష్ట్రాల్లో నలభయ్యేళ్ళు వాకిట్లో మంచు ఎత్తిపోసి, మోకాళ్ళు అరిగాక ఎండ కోసం ఇక్కడికి దిగినవాళ్ళే అందరూ. వాళ్ళకి పొద్దుపోయేది బింగో ఆటతోనూ, ఒకళ్ళ రోగాలు ఒకళ్ళకి చెప్పుకోవడంతోనూ, ఏడాదికోసారి ఓడ ప్రయాణంతోనూ. మొదటి రెండూ ఎవరికి వాళ్ళు చూసుకోగలరు. మూడోది మాత్రం వెర్నా చెయ్యి పడకపోతే కదలదు.

వెర్నా డెబ్బై దాటిన విధవ. ఒహాయోలో బతుకంతా స్కూలు బస్సు నడిపింది. చివరి పిల్ల దిగాక డ్రైవరు లేచి, ఆఖరి సీటుదాకా నడిచి, నిద్రపోయిన పిల్లలెవరైనా మిగిలారేమో చూసుకుని గానీ బస్సు దిగకూడదని అక్కడ నియమం. ఆ నియమం ఒక్కరోజు కూడా తప్పలేదనీ, ఒక్క పిల్లనీ బస్సులో మరిచిపోలేదనీ ఆమెకి మహా గర్వం. ముసలివాళ్ళని కూడా ఆ గర్వంతోనే తోలుతుంది. వరసలో నిలబెడుతుంది, తలలు లెక్కపెడుతుంది, ఎదురు చెబితే కసురుతుంది. వాళ్ళు వెనక గొణుక్కుంటారు గానీ ముందు మాత్రం చెప్పినట్టు వింటారు. రెక్క పట్టుకుని దారి చూపించే మనిషి దొరకడం ఆ వయసులో చిన్న అదృష్టం కాదు.

పదహారుమందిని పోగుచేసిన మనిషికి ఓడవాళ్ళు ఒక పడక ఊరికే ఇస్తారు. ఆ పడక కోసమే ఆవిడ ఇంత హైరానా పడుతుందని గిట్టనివాళ్ళు అంటారు. అందులో అబద్ధం లేదు. బస్సు డ్రైవరు పెన్షన్ మీద బతికేవాళ్ళకి సముద్రం వేరే దారిలో దొరకదు. కానీ వట్టి పడక కోసమే అనడం కూడా అన్యాయం. ఓడ కదిలేటప్పుడు రెయిలింగు పట్టుకుని నిలబడ్డ తన మందని చూసుకుంటే వెర్నాకి కడుపు నిండిపోయేది.

మహమ్మారి వచ్చి ఓడలన్నీ రేవుల్లో పడి ఉన్నాక, రెండేళ్ళకి మళ్ళీ కదిలాయి. కానీ వట్టినే రానివ్వరు. ఎక్కే ముందు రెండు రోజుల లోపల పరీక్ష చేయించుకోవాలి, రోగం లేదని తేలాలి, తేలినట్టు ఫోన్లో చూపించాలి, టీకాల కార్డు చూపించాలి, మీకు దగ్గుందా జ్వరం ఉందా అని అడిగే ప్రశ్నలకి జవాబులివ్వాలి. ఇంట్లోనే చేసుకునే పరీక్ష అయితే కంప్యూటర్ తెరలో ఒక మనిషి కూర్చుని మనల్ని చూస్తూ ఉండగా చేసుకోవాలి. ఇది విని పెలికన్ కోర్ట్ సగం నీరుగారిపోయింది. ఫోన్లో బొమ్మ పంపడమే రాని జనం వాళ్ళు.

"నేనున్నాగా," అంది వెర్నా. "మీరు ముక్కు తెచ్చుకోండి చాలు, మిగతాది నేను చూసుకుంటా."

వెర్నాతో కలిపి పదిహేనుమంది తేలారు. పదహారో మనిషి కోసం వెర్నా ఎదురింటి ఓపల్ హాగ్‌ల్యాండ్ మీద పడింది.

ఓపల్‌కి ఎనభై. సన్నటి మనిషి, మాట నెమ్మది. చిన్నప్పటి నుంచీ ఊపిరితిత్తులు బలహీనం. రెండేళ్ళుగా తన వరండా దాటి బయటికి రాలేదు. కూరలూ, పాలూ వెర్నానే తెచ్చి మెట్ల మీద పెట్టేది. కిటికీ అద్దానికి అటువైపు ఓపల్, ఇటువైపు వెర్నా కుర్చీ వేసుకుని ఫోన్లో మాట్లాడుకుంటూ కాఫీ తాగేవారు. ఆ కాలనీలో ఒకరినొకరు నిజంగా కావాలనుకున్న మనుషులు ఎవరంటే ఆ ఇద్దరే.

"నన్నొదిలెయ్ వెర్నా. ఆ గుంపులో నాకు భయం," అంది ఓపల్.

"ఏం భయమే? ఈ దేశం మొత్తంలో పరీక్ష చేయించుకుని మరీ మనుషులు కలిసే చోటు అదొక్కటే. నువ్వు కూరలు తెప్పించుకునే కొట్లో చేస్తున్నారా పరీక్ష? చర్చిలో చేస్తున్నారా?"

"అదీ నిజమే అనుకో."

"మరింకేం! నా గదిలోనే నువ్వు. ఊపిరాడకపోతే నీ మందు అందించేది నేనే. ఇంకెన్నాళ్ళు ఆ అద్దం వెనకాల కూర్చుంటావ్, చేపలా?"

ఓపల్ నవ్వింది. ఆ నవ్వుతోనే ఒప్పుకుంది. ఇంటికొచ్చి వెర్నా చేసిన మొదటి పని పదహారు నిండిందని ఓడవాళ్ళకి కబురు పెట్టడం. స్నేహితురాలిని బయటికి తెస్తున్నానన్న సంతోషం ఎంతో, పడక దక్కిందన్న సంతోషమూ అంతే. ఆ రోజుకి రెండూ ఒకటే అనిపించాయి ఆమెకి.

ఆదివారం ఓడ అనగా శుక్రవారం పొద్దున క్లబ్ హౌస్‌లో పరీక్షలు పెట్టింది. బింగో బల్ల మీద తన ల్యాప్‌టాప్ పెట్టి, ఎదురుగా ఒక కుర్చీ వేసి, మిగతావాళ్ళని గోడ వెంబడి కూర్చోబెట్టింది. తెరలో ఒక అమ్మాయి ప్రత్యక్షమయ్యేది. పేరు చెప్పమనేది, పుల్లని ముక్కులో పెట్టి గుండ్రంగా తిప్పమనేది, కార్డు కెమెరాకి కనిపించేలా ఉంచి, గీతలు తేలేదాకా కదలొద్దనేది.

"సర్, ముక్కులో. నోట్లో కాదు సర్," అంది ఆ అమ్మాయి క్లిఫర్డ్ నస్‌బామ్‌తో. క్లిఫర్డ్ మిషిగన్‌లో గొట్టాలు బిగించిన మనిషి. చెవుడు.

"ఏమంటుందీ పిల్ల?"

"ముక్కులో పెట్టమంటోందయ్యా మగడా!" అని అతని భార్య మావిస్ గోడ దగ్గర్నుంచి అరిచింది. "నలభై ఏడేళ్ళలో ఒక్క వస్తువు సరైన చోట పెట్టాడేమో అడగండి!"

గది గదంతా పగలబడి నవ్వింది. తెరలోని అమ్మాయి కూడా నవ్వాపుకోలేకపోయింది. ఆ నవ్వుల మధ్య అందరికీ కాఫీ పోస్తూ తిరిగినవాడు రాయిస్ డెంబీ. రాయిస్ ప్రయాణానికి రావడం లేదు. ఊళ్ళో ఎవరు ఎక్కడికి వెళ్ళినా వాళ్ళ తాళంచెవులు తీసుకుని, పిల్లులకి తిండి పెట్టి, మొక్కలకి నీళ్ళు పోసేది అతనే. ఆ పొద్దున రాయిస్ తుమ్ముతూనే ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. మార్చి నెలలో ఓక్ చెట్ల పుప్పొడి పచ్చటి దుమ్ములా కార్ల మీద పేరుకుపోతుంది ఆ ఊళ్ళో. ఆ నెలంతా తుమ్మని మనిషే ఉండడు. అదొక రోగమని అంటే నవ్విపోతారు.

మధ్యాహ్నానికి పదహారుమందికీ ఒకే గీత తేలింది, అంటే రోగం లేనట్టే. తనది కూడా తేలాక వెర్నా కుర్చీలో చతికిలబడింది. పొద్దుటి నుంచి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

ఓడెక్కబోయే ముందు తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసి తినడం పెలికన్ కోర్ట్‌లో ఆనవాయితీ. ఆ సాయంత్రమే అదే గదిలో విందు. మావిస్ బంగాళాదుంపల ముద్దకూర, ఎవరివో మసాలా గుడ్లు, నిమ్మకాయ తీపి రొట్టె. వెళ్ళేవాళ్ళే కాదు, సాగనంపేవాళ్ళూ వచ్చారు. రెండేళ్ళ తరవాత మొదటి విందు. కౌగిలింతలకి అంతు లేదు. ఓపల్ ముఖానికి గుడ్డతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"లోపలికి రావే," అంది వెర్నా.

"ఇంతమందున్నారు..."

"అందరికీ పరీక్షయింది. నా కళ్ళముందే అయింది. తియ్యి ఆ గుడ్డ, నీ మొహం ఎలా ఉంటుందో మరిచిపోయాం అందరం."

ఓపల్ గుడ్డ తీసింది. జనం చప్పట్లు కొట్టారు. రాయిస్ వచ్చి ఆమె పిల్లికి ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో పక్కనే కూర్చుని చాలాసేపు అడిగి తెలుసుకున్నాడు. పరీక్ష చేసింది టిక్కెట్టు ఉన్నవాళ్ళకి మాత్రమేనని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. పరీక్షలన్నీ తన చేత్తో చేయించిన వెర్నాకీ తట్టలేదు.

ఆదివారం పొద్దున వ్యాను రేవు వైపు తిరిగాక వెర్నా ముందు సీట్లోంచి లేచి, వెనక్కి తిరిగి నిలబడింది.

"ఓడెక్కేచోట ప్రశ్నలుంటాయి. ఇప్పుడు నేను ఓడవాళ్ళమ్మాయిని. దగ్గుందా?"

"లేదు!" అన్నారు అందరూ బడిపిల్లల్లా.

"జ్వరం?"

"లేదు!"

"గొంతు నొప్పి, ఆయాసం?"

"పొద్దున లేవగానే కొంచెం, ముందు సిగరెట్లు తాగేవాణ్ణి కదా, దానివల్ల..." అని మొదలుపెట్టాడు క్లిఫర్డ్.

"నీ కథ ఎవడడిగాడు? లేదు అను. ఒక్క మాట. పుప్పొడి తుమ్ము తుమ్ము కాదు, ముసలి దగ్గు దగ్గు కాదు. ఒక్కడు నోరు జారితే పదహారుమందిమీ గట్టునే ఉంటాం. ఎక్కాక కూడా అంతే. గొంతు గరగరమంటే నాకు చెప్పండి. అంతేగానీ ఓడ డాక్టరు దగ్గరికి పరిగెత్తారో, పట్టుకుని గదిలో పెట్టి తలుపేస్తారు. మీతో పాటు మీ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళందర్నీ వేస్తారు. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్!" అన్నారు వెనకనించి. ఓపల్ అందరికన్నా బుద్ధిగా తలూపింది.

ఆ మాటల్లో తప్పున్నట్టు అప్పుడు ఎవరికీ అనిపించలేదు. ఆ ఏడాది ఓడెక్కిన ముసలివాళ్ళలో సగంమంది అలాంటి మాటలే చెప్పుకుని ఎక్కి ఉంటారు. పరీక్ష అంటే దాటాల్సిన గేటు వాళ్ళకి. దాటితే అయిపోయినట్టే.

గేటు దాటారు. సోమవారమంతా సముద్రం. ఓపల్ పొద్దున్నించీ పై అంతస్తులో కుర్చీలో కూర్చుని గాలికి జుట్టు వదిలేసింది. "రెండేళ్ళు ఏం చేశాను వెర్నా నేను? గోడలు చూశాను," అంది. వెర్నా ఆమెకి దుప్పటి కప్పి, ఐస్‌క్రీం తెచ్చిపెట్టి, తన జీవితంలో చేసిన మంచి పనుల్లో ఇదొకటని లోలోపల రాసుకుంది.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఓపల్ దగ్గింది. చిన్న దగ్గే.

"పుప్పొడి ఇంకా వదల్లేదు," అంది ఓపల్ వెర్నా వైపు చూసి.

"నడిసముద్రంలో ఓక్ చెట్లెక్కడివే ఓపల్?" అన్నాడు క్లిఫర్డ్. బల్ల చుట్టూ నవ్వులు. వెర్నా కూడా నవ్వింది, ఓపల్ కూడా నవ్వింది. ఆ నవ్వు అయ్యాక వెర్నా అన్నం సహించక ఫోర్కు కింద పెట్టేసింది.

గదికి వచ్చాక నుదురు పట్టి చూసింది. కొద్దిగా వెచ్చగా ఉంది. వేడినీళ్ళలో నిమ్మకాయ పిండి ఇచ్చింది. దగ్గు బిళ్ళలు ఇచ్చింది. తన సంచిలో జ్వరం మాత్రలుంటే అవీ వేసింది. "భోజనాలకి కిందికి రాకు, నేనే పైకి తెస్తా. కారిడార్లో మాత్రం దగ్గకు తల్లీ," అంది. ఓపల్ ఆ పని చెప్పినట్టే చేసింది. ఎవరైనా గది ముందు నుంచి వెళ్తుంటే తలగడలో మొహం పెట్టుకుని దగ్గేది. బుధవారం ఓడ ఒక రేవులో ఆగితే మిగతావాళ్ళంతా దిగారు. వెర్నా దిగలేదు. మంచం పక్కన కూర్చుంది.

"డాక్టర్ని పిలవనా?" అని అడిగింది. అడిగిన తీరులోనే వద్దనమని బతిమాలడం ఉంది.

"వద్దులే. నావల్ల అందరి షికారూ పాడు చెయ్యడం ఎందుకు? వ్యానులో చెప్పావుగా," అంది ఓపల్.

అదే అదనుగా తీసుకుంది వెర్నా. ఆ మాట వినగానే తనకి హాయిగా అనిపించిందని ఆమెకి తెలుసు. ఆ హాయిని తరవాత ఎన్నిసార్లు తలుచుకుని సిగ్గుపడిందో చెప్పలేం.

గురువారం పొద్దున గది సర్దడానికి వచ్చిన పనమ్మాయి తలగడలోంచి వచ్చే దగ్గు విని కిందికి కబురు చేసింది. అరగంటలో డాక్టరు వచ్చాడు. ముఖం నిండా ముసుగు, చేతులకి తొడుగులు, కళ్ళు మాత్రం నిద్రలేని కుర్రవాడి కళ్ళు. ఓపల్ ముక్కులో పుల్ల తిప్పాడు. రెండో గీత ముదురుగా, తొందరగా వచ్చేసింది. వేలికి క్లిప్పు పెట్టి రక్తంలో ప్రాణవాయువు అంకె చూశాడు. గొట్టం పెట్టి గుండె, వీపు చప్పుడు విన్నాడు. అప్పటికి ఓడ మెక్సికో దీవి పక్కన కట్టేసి ఉంది. కిటికీలోంచి కొబ్బరిచెట్లూ, తెల్ల గోడల ఊరూ కనిపిస్తున్నాయి.

"ఎప్పుడు మొదలైందమ్మా దగ్గు?" అనడిగాడు.

ఓపల్ దుప్పటి అంచు సవరించుకుంది.

"ఇది చాలా ముఖ్యం," అన్నాడు డాక్టరు. "ఇవాళే మొదలైతే మాత్రలేసి ఇక్కడే కనిపెట్టుకుని ఉంటా. రెండు మూడు రోజులైందంటే మాత్రం, మీ ఊపిరితిత్తులకి నేను ఆగను. ఇవాళే దించేసి ఊళ్ళో ఆసుపత్రికి పంపిస్తా. సాయంత్రం ఓడ కదిలిందంటే ఇంటికెళ్ళేదాకా ఇంక నేల లేదు."

ఓపల్ తల తిప్పి వెర్నా వైపు చూసింది. జవాబు రాని పిల్ల పక్క బెంచీ వైపు చూసినట్టు చూసింది.  దించేస్తారు. భాష తెలియని ఊళ్ళో. తను కూడా దిగాలి, దిగకపోతే ఓపల్ ఒక్కత్తే. తను దిగితే పద్నాలుగుమంది ముసలివాళ్ళు ఓడలో దిక్కులేకుండా ఉంటారు. మూడు రోజుల దగ్గు దాచారని తెలిస్తే అందర్నీ గదుల్లో వేసి తలుపులు బిగిస్తారు. ఇవన్నీ ఒక్క ఊపిరిలో ఆమె బుర్రలోకి వచ్చాయి. ఓపల్ బతుకు మాత్రం వాటన్నిటి వెనకాల, చివర్న వచ్చింది.

"ఇవాళ పొద్దున," అంది ఓపల్. "ఇవాళ పొద్దున్నే మొదలైంది డాక్టరు గారూ."

డాక్టరు వెర్నా వైపు తిరిగాడు. "అంతేనా మేడమ్? మీరు ఒకే గదిలో ఉంటున్నారు కదా."

వెర్నా తలూపింది.

అతను రాసుకున్నాడు. వెర్నాకి పరీక్ష చేస్తే లేదని వచ్చింది. క్రిస్మస్‌కి ఆ రోగం ఒకసారి వచ్చి పోయింది ఆమెకి. ఆమెని రెండు అంతస్తుల పైన వేరే గదిలో పెట్టారు. ఓపల్‌ని అట్టడుగున వైద్యం గదుల పక్కకి చక్రాల కుర్చీలో తీసుకెళ్ళారు. లిఫ్టు తలుపు మూసుకునేముందు ఓపల్ చెయ్యెత్తి, "బాగానే చెప్పానా?" అన్నట్టు బొటనవేలు చూపించింది.

సాయంత్రం ఓడ కూత పెట్టి కదిలింది. వెర్నా కిటికీలోంచి ఆ తెల్ల గోడల ఊరు సన్నగా అయిపోయేదాకా చూసింది. ఫోను చేస్తే ఓపల్ ఎత్తింది. సూపు తాగానంది, ఆ డాక్టరు కుర్రాడు మంచివాడంది, పిల్లి సంగతి అడిగింది. మావిస్ ఫోను చేసి, రాయిస్‌కి రెండు గీతలొచ్చాయట, ఊళ్ళో నలుగురైదుగురు పడ్డారట అంది. "ఆ విందులోనే అంటుకుని ఉంటుంది వెర్నా. మనం పుప్పొడి అనుకున్నాం!" వెర్నాకి అప్పుడు కనిపించింది, గుమ్మంలో ఆగిపోయిన ఓపల్, ఆ గుడ్డ తీయించిన తను.

శుక్రవారం పొద్దున ఓపల్ ఫోనులో మాటకీ మాటకీ మధ్య ఆగుతోంది.

"అంకె... తగ్గిందట. గాలి... పెట్టారు."

"ఓపల్, విను. వాళ్ళకి నిజం చెప్పు. మంగళవారం అని చెప్పు."

"ఇప్పుడా? అబద్ధం... ఆడావంటారు నిన్ను."

"అననీ! నన్ను ఉరి తియ్యనీ! చెప్పవే!"

"నువ్వు... అరవకు. నాకు భయమేస్తుంది," అంది ఓపల్, ఫోను పెట్టేసింది.

వెర్నా వైద్యం గదికి ఫోను చేసింది. నర్సు ఎత్తింది. డాక్టరు రోగి దగ్గరున్నాడంది.

"ఆయనకి చెప్పండి. ఓపల్ హాగ్‌ల్యాండ్‌కి దగ్గు మొదలైంది మంగళవారం. నిన్న కాదు. మేము అబద్ధం చెప్పాం. నేను చెప్పాను."

 "నిన్న రేవులో ఉన్నప్పుడు చెప్పి ఉంటే బాగుండేదమ్మా," అంది నర్సు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇప్పుడు దాంతో పనేముంది? హెలికాప్టరు పంపమని తీరం వాళ్ళని అడిగారు. వాళ్ళు ఎగిరి వచ్చి తిరిగి వెళ్ళగలిగేంత దగ్గరికి ఓడ చేరాలి ముందు."

చేరలేదు. వెర్నా మధ్యాహ్నం నుంచీ తలుపు బాది, కారిడార్లో ఎవరు కనిపిస్తే వాళ్ళని బతిమాలింది. ఒక్కసారి కిందికి తీసుకెళ్ళమంది. మిమ్మల్ని రానివ్వడానికి లేదు మేడమ్ అన్నారు, తలా ఒక మర్యాదతో. తను పట్టుబట్టి తెచ్చిన మనిషి అదే ఓడలో, కింద, ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య ఊపిరి కోసం కొట్టుకుంటుంటే తను పై అంతస్తులో సముద్రం కనిపించే గదిలో కూర్చుంది. ఆ గదికి బాల్కనీ కూడా ఉంది. పొద్దుగూకే వేళకి డాక్టరే స్వయంగా వచ్చి తలుపు దగ్గర నిలబడి, ఓపల్ పోయిందని చెప్పాడు. చెప్పేటప్పుడు ముసుగు కిందికి లాగాడు. అప్పుడే మొదటిసారి అతని మొహం చూసింది వెర్నా. మంగళవారం సంగతి నర్సు అతనికి చెప్పలేదని అతని మాటల్లోనే తెలిసిపోయింది.

"చాలా తొందరగా ముదిరిందమ్మా. ఒక్కరోజులో ఇంతలా పడిపోవడం నేను చూడలేదు. మీరేం చెయ్యగలిగేది లేదు," అన్నాడు.

వెర్నా అతన్ని ఆపి చెప్పాలనుకుంది. అతను అప్పటికే ముసుగు పైకి లాక్కుని వెళ్ళిపోతున్నాడు.

ఆదివారం ఓడ మళ్ళీ సొంత రేవుకి చేరింది. ఇంకో ఇద్దరికి ఆ రోగం తేలినా జలుబులా వచ్చి పోయింది. పదిహేనుమంది పెట్టెలు లాక్కుంటూ బయటికి వచ్చి, వ్యాను దగ్గర గుమిగూడి నిలబడ్డారు.  అక్కడే ఎదురుచూస్తోంది ఓపల్ కూతురు జనెల్. యాభై దాటిన మనిషి. టెన్నెసీ నుంచి రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చింది. తల్లిని అప్పగించే కాగితాల మీద సంతకాలు పెట్టి అప్పుడే లోపలినుంచి వచ్చింది. చేతిలో తల్లి స్వెట్టరున్న ప్లాస్టిక్ సంచి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"మిస్ వెర్నా," అని దగ్గరికి వచ్చింది. ఆ వైపు పిల్లలు ఎంత పెద్దవాళ్ళయినా తల్లి స్నేహితురాళ్ళని అలాగే పిలుస్తారు. "ఒక్క సంగతి అడగాలి మిమ్మల్ని. అమ్మకి ఎప్పుడు మొదలైంది? కాగితంలో గురువారం పొద్దున అని ఉంది. కానీ మంగళవారం నాతో ఫోన్లో మాట్లాడినప్పుడు గొంతు ఏదోలా అనిపించింది నాకు."

వెర్నా నోరు తెరిచింది. రెండు రోజులుగా ఈ మాట నోట్లోనే నానుతోంది. కానీ ఆమె కన్నా ముందు క్లిఫర్డ్ అందుకున్నాడు. చెవిటివాడికి ఆ ప్రశ్న మాత్రం బాగా వినిపించింది.

"గురువారం పొద్దున్నే తల్లీ. బుధవారం దాకా మాతో పాటు ఉంది, నవ్వుతూ."

"దగ్గేది కాదా?"

"ఒక్క దగ్గు లేదు," అంది మావిస్.

"జ్వరం కూడా లేదు," అన్నారు వెనకనించి ఇంకెవరో. మిగతావాళ్ళు తలలూపారు. ఆ పద్నాలుగు మొహాల్లోనూ వెర్నా మీద జాలి ఉంది. ఆమెని కాపాడుతున్నారు వాళ్ళు. ఆమె నేర్పినట్టే, ఒకే గొంతుతో, ఒక్కళ్ళు కూడా నోరు జారకుండా.

జనెల్ పెద్దగా ఊపిరి వదిలింది. ఆమె భుజాలు దిగాయి.

"అయితే ఎక్కువ బాధపడలేదన్నమాట," అంది. "దారంతా అదే ఆలోచన నాకు. రోజుల తరబడి దగ్గుకుంటూ, ఎవరికీ చెప్పుకోలేక పడుకుందేమోనని. అమ్మ సంగతి మీకు తెలుసుగా, ఎవర్నీ ఇబ్బంది పెట్టదు. ఒక్కరోజే అంటే... ఒక్కరోజే కదా మిస్ వెర్నా? ఆ మాట మీ నోట వింటే ఇంటికి వెళ్ళగలను."

వెర్నా ఆ పిల్ల మొహంలోకి చూసింది. తలగడలో మొహం దాచుకున్న దగ్గుల సంగతి చెప్తే తన గుండె బరువు దిగుతుంది, ఆ బరువంతా వెళ్ళి ఈ పిల్ల మీద పడుతుంది. చెప్పకపోతే ఈ పిల్లకి కొంచెం ఊరట, తనకి పూర్తిగా తప్పించుకునే దారి. ఈ పిల్ల కోసం మింగుతోందో, తన కోసం మింగుతోందో వెర్నాకి తెలియలేదు. తేల్చుకునే వ్యవధి కూడా లేదు.

"అవునమ్మా. ఒక్కరోజే," అంది.

జనెల్ ఆమెని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. "మీరు పక్కన ఉన్నారు, అదే చాలు," అంది ఏడుపు మధ్య. వెర్నా ఆ పిల్ల వీపు నిమిరింది. అన్న మాట ఇంక ఎప్పటికీ వెనక్కి తీసుకోవడానికి లేదు, తీసుకుంటే ఆ పిల్లకి మిగిలిన ఆ కాస్తా పోతుంది. వాళ్ళ వెనకాల క్లిఫర్డ్, మావిస్ పెట్టెలు ఒక్కొక్కటే వ్యానులోకి ఎక్కిస్తున్నారు.